కాలేజీ టీమ్ ఉంటుందా, ఎత్తేస్తారా? సంతకం పెట్టేముందు డిపార్ట్‌మెంట్ లెక్క మీరే చూసుకోవడం ఎలా

ఈ మధ్య వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. ఫ్రిస్కో నుంచి ఒకరు, ఎడిసన్ నుంచి ఒకరు, హైదరాబాద్‌లో తెల్లారకముందే పిల్లని టెన్నిస్ కోర్టు దగ్గర దింపి వచ్చే నాన్న ఒకరు. "అన్నా, అమ్మాయికి అమెరికా కాలేజీలో టెన్నిస్ స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. చేరాక టీమ్ ఎత్తేస్తే మా పరిస్థితి ఏంటి? ముందే తెలుసుకునే దారి ఉందా?" అని. చాలావరకు ఉంది. ఏ అథ్లెటిక్ డిపార్ట్‌మెంటూ ఒక ఆటని వదిలించుకోవాలని రాత్రికి రాత్రి అనుకోదు, ఆ లెక్కలు ఏడాది, రెండేళ్ల ముందు నుంచే కాగితాల మీద ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఎవరైనా తీసి చూడొచ్చు.

మేం చూడలేదు. మా అబ్బాయి రెండో ఏడాదిలో ఉండగా వాళ్ల టెన్నిస్ టీమ్ తీసేశారు. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. పిల్లలందరినీ ఒక వీడియో కాల్‌లోకి పిలిచి ఇరవై నిమిషాల్లో చెప్పి ముగించారు. ఆ తర్వాత నేను కూర్చుని పాత రిపోర్టులన్నీ తీస్తే, హెడ్ కోచ్ వెళ్లిపోయి ఏడాది దాటినా తాత్కాలిక కోచ్‌తోనే నడిపించడం, దూరం మ్యాచ్‌లు మానేయడం, పాడైన కోర్టుల రిపేరు వాయిదా వేస్తూ పోవడం, అన్నీ వరసగా కనిపించాయి. అప్పట్లో "బడ్జెట్ కొంచెం టైట్ అంట" అనుకుని ఊరుకున్నాం. మీరు ఊరుకోకూడదనే ఇది రాస్తున్నాను.

ఇది అమెరికా కాలేజీల గురించి, ముఖ్యంగా డివిజన్ వన్ (కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థలో పై స్థాయి) గురించి. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్, ట్రాక్ లాంటి ఆటలకి పనికొస్తుంది. మనవాళ్లు ఈ దారిలో వెళ్లడం కొత్త కాదు, విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు, సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఆడింది. దారి మంచిదే, కింద నేల గట్టిగా ఉందో లేదో చూసుకుని నడవాలి, అంతే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ కాలేజీ ఈఏడీఏ రిపోర్టులు (కాలేజీలు ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఆటల లెక్కలు), కనీసం ఐదేళ్లవి. అమెరికా విద్యాశాఖ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏ ఆటలో ఎంతమంది ఆడుతున్నారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నీ ఉంటాయి.
- ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఏటా ఎన్‌సీఏఏకి పంపే ఆర్థిక నివేదిక. కొన్ని కాలేజీలు సైట్‌లో పెడతాయి, పెట్టకపోతే సమాచార హక్కు లాంటి అక్కడి చట్టం కింద రాసి అడగాలి. కొన్ని రాష్ట్రాల్లో ఆ హక్కు అక్కడ నివాసం ఉన్నవాళ్లకే, కాబట్టి ఆ రాష్ట్రంలో తెలిసినవాళ్ల చేత అడిగించండి.
- ప్రైవేటు కాలేజీ అయితే ఫారం 990 (లాభాపేక్ష లేని సంస్థలు పన్నుశాఖకి ఇచ్చే రిటర్న్). వివరం తక్కువ కానీ ఎక్కువ జీతాలు ఎవరికి పోతున్నాయో తెలుస్తుంది.
- బోర్డు మీటింగుల మినిట్స్, గత రెండేళ్లవి.
- టీమ్ రోస్టర్, మ్యాచ్‌ల షెడ్యూల్, మూడేళ్లవి. టీమ్ పేజీలోనే ఉంటాయి.
- ఒక ఎక్సెల్ షీట్, ఒక ఆదివారం మధ్యాహ్నం.

అడుగు 1: ఏ మాట బరువైపోయిందో, ఏ మాట కోయడానికి వీలుందో విడదీయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, జనం దాదాపు ఎప్పుడూ వదిలేసేదీ ఇదే. డిపార్ట్‌మెంట్ చాలామందికి మాట ఇచ్చి ఉంటుంది. ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) కోచ్‌కి కాంట్రాక్ట్, స్టేడియం కోసం తీసుకున్న అప్పుకి వాయిదాలు, కాన్ఫరెన్స్‌కి (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమికి) ఇచ్చిన హామీ, ఇరవై ఆటలు నడుపుతామన్న మాట. డబ్బు కరువైనప్పుడు మన మనసుకి తోచేది, ఏది నష్టం తెస్తోందో దాన్నే తగ్గిస్తారని. అలా జరగదు. ఏది తగ్గించడానికి వీలుంటే దాన్ని తగ్గిస్తారు. కోచ్‌ని మధ్యలో తీసేసినా కాంట్రాక్ట్ ప్రకారం డబ్బు కట్టాల్సిందే, టెక్సాస్ ఏ అండ్ ఎం 2023 నవంబర్‌లో జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు బాకీ 7 కోట్ల 50 లక్షల డాలర్ల పైనే. స్టేడియం అప్పూ అంతే. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మెమోరియల్ స్టేడియాన్ని 32 కోట్ల డాలర్ల పైచిలుకుతో బాగుచేశారు, ఆ అప్పు దశాబ్దాల పాటు కడుతూనే ఉండాలి. టెన్నిస్ టీమ్‌కి అలాంటి తాళం ఏదీ లేదు. అందుకే గాయం ఒకచోట, కోత ఇంకోచోట.

కాబట్టి షీట్‌లో రెండు వరసలు గీయండి. తాళం వేసిన ఖర్చులు ఒకవైపు, తాళం లేనివి ఇంకోవైపు. తాళం వేసినవి ఏటా పెరుగుతూ మొత్తం ఆదాయం అలాగే ఉంటే, రెండో వరసలో ఉన్నవాళ్లకి గండం ఉన్నట్టే, వాళ్లు ఎంత బాగా ఆడుతున్నా సరే.

2025 తర్వాత ఆ మొదటి వరసకి ఇంకో బరువు వచ్చి చేరింది. 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో రాజీ) ప్రకారం, అందులో చేరిన కాలేజీ తన ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాదికి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ డబ్బులో ఎక్కువ ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతుంది. పాత ఆటగాళ్లకి పదేళ్లలో కట్టాల్సిన దాదాపు 280 కోట్ల డాలర్ల కోసం ఎన్‌సీఏఏ చిన్న కాలేజీలకి పంచే వాటాలో కూడా కోత పడుతోంది. అంటే డబ్బు పంచడంలో చేరని చిన్న కాలేజీ కూడా నష్టపోతోంది. మీరు చూస్తున్న కాలేజీ ఇందులో చేరిందా లేదా అన్నది మొదటి రోజే కనుక్కోండి.

అడుగు 2: ఈఏడీఏ అంకెలు ఐదేళ్లకి వరసగా రాయండి

మీ ఆట, దాని పక్కన ఇంకో రెండు చిన్న ఆటలు తీసుకోండి. ఆటగాళ్ల సంఖ్య, ఖర్చు, కోచ్‌ల సంఖ్య. ఒక ఏడాది తగ్గితే కంగారు అక్కర్లేదు, 2020–21 అంకెలైతే కోవిడ్ వల్ల అన్నిచోట్లా అడ్డదిడ్డంగానే ఉంటాయి, ఆ ఏడాదిని పక్కన పెట్టండి. వరసగా మూడేళ్లు మిగతా ఆటల ఖర్చు పెరుగుతూ మీ ఆటది కదలకుండా ఉంటే గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ జాగ్రత్త. ఈఏడీఏలో చాలా కాలేజీలకి ప్రతి ఆటలోనూ ఆదాయం, ఖర్చు సరిగ్గా సమానంగా కనిపిస్తాయి. అది చూసి "నష్టం లేదు కదా" అనుకోకండి. కాలేజీ తన జేబులోంచి వేసిన డబ్బుని, విద్యార్థుల ఫీజుల్లోంచి తీసిన డబ్బుని కూడా ఆదాయం కిందే రాస్తారు. టికెట్లు, టీవీ, విరాళాలు కలిపి అసలు సంపాదన ఎంత, కాలేజీ సాయం ఎంత అన్నది ఎన్‌సీఏఏ నివేదికలో విడివిడిగా ఉంటుంది, అందుకే దాన్ని సంపాదించమన్నాను. మొత్తం బడ్జెట్‌లో కాలేజీ సాయం, స్టూడెంట్ ఫీజు సగం దాటి ఉంటే, ఆ డిపార్ట్‌మెంట్ భవిష్యత్తు కాలేజీ అడ్మిషన్ల మీద ఆధారపడినట్టు లెక్క. అప్పుడు మొత్తం విద్యార్థుల సంఖ్య కూడా ఐదేళ్లది రాసుకోండి.

అడుగు 3: టీమ్ తీసేస్తే నిజంగా మిగిలేది ఎంతో మీరే కట్టండి

ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు నేను సౌకర్యం కోసం వేసుకున్నవి. పురుషుల టెన్నిస్ ఖర్చు ఏడాదికి 6,00,000 డాలర్లు. పది మంది ఆటగాళ్లకి కలిపి 4.5 స్కాలర్‌షిప్‌లు. కాలేజీ ఫీజు 45,000. అంటే ఖర్చులో 2,02,500 కాలేజీ తనకి తానే కట్టుకున్న స్కాలర్‌షిప్. మిగతా 5.5 మంది ఫీజు, 2,47,500, తల్లిదండ్రులు కడుతున్నారు. ఇప్పుడు టీమ్ తీసేశారు, పది మందీ వెళ్లిపోయారు, ఆ సీట్లు ఖాళీగానే ఉన్నాయనుకోండి. చేతికి వచ్చేది 6,00,000 కాదు. అందులోంచి కాగితం మీది స్కాలర్‌షిప్ తీసేసి, పోయిన ఫీజు తీసేస్తే 1,50,000. అదే సీటు కోసం బయట వేలమంది క్యూలో ఉన్న కాలేజీ అయితే ఆ పది సీట్లూ మర్నాడే ఫీజు కట్టేవాళ్లతో నిండిపోతాయి, అక్కడ పూర్తి 6,00,000 మిగులుతుంది.

అందుకే సీట్లు నిండని చిన్న ప్రైవేటు కాలేజీలు ఆటలు పెంచుకుంటూ పోతాయి, పేరున్న కాలేజీలు కోస్తాయి. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ పేరున్న కాలేజీ అంటే టీమ్ భద్రం అని మాత్రం అనుకోకండి. 2020 జులైలో 36 ఆటల్లో 11 తీసేస్తామన్నది స్టాన్‌ఫర్డ్. ఆ 11 ఆటల్ని శాశ్వతంగా నిలబెట్టాలంటే 20 కోట్ల డాలర్లకు పైగా కావాలని అప్పుడు చెప్పారు.

ఈ లెక్కలో ఇంకొకటి కలపాలి. టీమ్ తీసేసినా ఉన్న పిల్లలకి చదువు అయ్యేదాకా స్కాలర్‌షిప్ ఇస్తామని చాలా కాలేజీలు మాట ఇస్తాయి, కోచ్ కాంట్రాక్టూ నడుస్తూ ఉంటుంది. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు మిగిలేది బాగా తక్కువ. కాలేజీ ఈ అంకె బోర్డుకి ఎలా చూపించింది అన్నది తర్వాత మీకు ఆయుధం అవుతుంది. బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ (యూఏబీ) 2014 డిసెంబర్‌లో ఒక కన్సల్టెంట్ రిపోర్టు చూపించి ఫుట్‌బాల్ ఆపేసింది, ఆ అంకెల్ని ప్రశ్నిస్తూ వేరే ఆర్థికవేత్తలు ఇంకో రిపోర్టు రాశారు, ఊళ్లోవాళ్లు విరాళాలు పోగేశారు, 2015 జూన్‌లో నిర్ణయం వెనక్కి తీసుకున్నారు, 2017లో టీమ్ మళ్లీ మైదానంలోకి దిగింది.

అడుగు 4: టైటిల్ నైన్ కూడిక

ఇది చట్టం, 1972 నాటిది, కాలేజీ చదువులో, ఆటల్లో ఆడా మగా తేడా చూపకూడదంటుంది. చాలా తేలిక లెక్క. కాలేజీలో అమ్మాయిల శాతం ఎంత, ఆటగాళ్లలో అమ్మాయిల శాతం ఎంత, రెండింటి మధ్య తేడా ఎంత. విద్యార్థుల్లో 56 శాతం అమ్మాయిలు, 500 మంది ఆటగాళ్లలో 250 మంది అమ్మాయిలు అనుకుందాం, అంటే 50 శాతం. సమానం కావాలంటే ఇంకా 68 మంది అమ్మాయిలకి చోటు ఇవ్వాలి. అలాంటి కాలేజీ 20 మంది ఉన్న అమ్మాయిల టీమ్ తీసేస్తే వాటా 48 శాతానికి పడిపోతుంది, కోర్టుకి వెళ్తే నిలబడటం కష్టం. 20 మంది అబ్బాయిల్ని తీసేస్తే వాటా 52కి పెరుగుతుంది, కాబట్టి కత్తెర అబ్బాయిల వైపే తిరుగుతుంది.

దీన్ని తప్పుగా చూసిన కాలేజీలు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఐయోవా యూనివర్సిటీ 2020 ఆగస్టులో పురుషుల టెన్నిస్, పురుషుల జిమ్నాస్టిక్స్, అమ్మాయిలు అబ్బాయిలు ఇద్దరి స్విమ్మింగ్ తీసేస్తామంది. అమ్మాయిలు కోర్టుకి వెళ్లారు, డిసెంబర్‌లో జడ్జి ఆపమన్నారు, 2021 ఫిబ్రవరిలో అమ్మాయిల స్విమ్మింగ్ తిరిగి వచ్చింది. అబ్బాయిల టీమ్‌లు రాలేదు. డార్ట్‌మత్ 2020 జులైలో ఐదు టీమ్‌లు తీసేసి, 2021 జనవరిలో ఐదింటినీ వెనక్కి తెచ్చింది, టైటిల్ నైన్ లెక్కకి వాడిన వివరాలు పూర్తిగా లేకపోయి ఉండొచ్చని ఒప్పుకుంది.

అబ్బాయి ఉన్నవాళ్లు ఈ అడుగు రెండుసార్లు చదవండి. అమ్మాయిల తేడా ఎంత ఎక్కువ ఉంటే మీ అబ్బాయి టీమ్‌కి గండం అంత ఎక్కువ. అమ్మాయి ఉన్నవాళ్లకి కాస్త ఊరట ఉంది, అలాగని పూర్తి భరోసా లేదు, స్విమ్మింగ్ లాంటివి ఒకే పూల్, ఒకే కోచ్ మీద నడుస్తాయి కాబట్టి రెండూ కలిపి తీసేస్తారు. కాల్ పాలీ 2025 మార్చిలో స్విమ్మింగ్, డైవింగ్ ఇద్దరిదీ ఆపేసింది.

లెక్కించేటప్పుడు చిన్న తిరకాసు ఉంది. ఒకే అమ్మాయి క్రాస్ కంట్రీ, ఇండోర్ ట్రాక్, అవుట్‌డోర్ ట్రాక్ మూడింట్లోనూ ఉంటే ఈఏడీఏలో మూడుసార్లు లెక్కకి వస్తుంది. ఒక్కొక్కరినీ ఒక్కసారే లెక్కించిన సంఖ్య కూడా అందులోనే వేరే వరసలో ఉంటుంది, రెండూ రాసుకోండి.

అడుగు 5: కనీస సంఖ్య, పక్క కాలేజీలు

డివిజన్ వన్‌లో ఉండాలంటే కనీసం 14 ఆటలు నడపాలి, పెద్ద ఫుట్‌బాల్ స్థాయి అయితే 16. కాలేజీకి సరిగ్గా 16 ఉంటే ఒకటి తీసేయాలంటే ఇంకోటి పెట్టాలి, అక్కడ మీరు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. 22, 24 ఉన్నచోట కోతకి చోటు ఉంది.

తర్వాత ఆ కాన్ఫరెన్స్‌లో మీ ఆట ఎన్ని కాలేజీలు ఆడుతున్నాయో చూడండి. నేషనల్స్‌కి నేరుగా వెళ్లే అవకాశం కాన్ఫరెన్స్‌కి రావాలంటే సాధారణంగా ఆరు కాలేజీలు ఉండాలి. ఏడు ఉండి, అందులో ఒకటి ఊగిసలాడుతుంటే అది మీ టెన్షన్ కూడా. స్టాన్‌ఫర్డ్ జాబితాలో ఉన్న స్క్వాష్, సెయిలింగ్, పురుషుల రోయింగ్, సింక్రనైజ్డ్ స్విమ్మింగ్‌లకి అసలు ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్పే లేదు, అలాంటివి ముందు వరసలో ఉంటాయి.

అడుగు 6: తీసేయకుండా తగ్గించే దారులూ చూడండి

కోత అంటే ఎప్పుడూ టీమ్ మూత అని కాదు. స్కాలర్‌షిప్‌లు మెల్లగా తగ్గించడం, ఇద్దరు కోచ్‌ల పని ఒకరికి అప్పగించడం, క్లబ్‌గా (పిల్లలే సొంతంగా నడుపుకునే టీమ్‌గా) మార్చడం, మొత్తం స్థాయినే దింపడం. ఐడహో యూనివర్సిటీ 2018లో ఫుట్‌బాల్‌ని పై స్థాయి నుంచి ఒక మెట్టు కిందికి దింపుకుంది. హార్ట్‌ఫర్డ్ యూనివర్సిటీ 2021 మార్చిలో బాస్కెట్‌బాల్ నేషనల్ టోర్నమెంట్ ఆడింది, అదే ఏడాది మేలో డివిజన్ వన్ నుంచి డివిజన్ త్రీకి వెళ్లిపోతామని ప్రకటించింది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ 2025 మార్చిలో సరిగ్గా అలాగే చేసింది.

మనకి ఇది ఎందుకు ముఖ్యమంటే డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. టీమ్ అలాగే ఉంటుంది, జెర్సీ అదే, కోచ్ కూడా అదే కావొచ్చు, డబ్బు మాత్రం పోతుంది. కాబట్టి "టీమ్ ఉంటుందా" అని ఒక్కటే అడిగితే సరిపోదు, "ఈ స్థాయిలోనే ఉంటుందా" అని కూడా అడగాలి. బోర్డు మినిట్స్‌లో "ఫీజిబిలిటీ స్టడీ", "కాన్ఫరెన్స్ రివ్యూ", "స్పోర్ట్ స్పాన్సర్‌షిప్ రివ్యూ" (ఏ ఆటలు నడపాలన్న సమీక్ష) అనే మాటలు కనిపిస్తే అక్కడ ఆగి పూర్తిగా చదవండి. కన్సల్టెంట్‌ని పెట్టుకున్నారంటే ఏదో ఒక ఆలోచన ఉన్నట్టే.

అడుగు 7: కళ్లతో చూసి తెలుసుకునేవి

క్యాంపస్‌కి వెళ్లినప్పుడు కొత్త లాకర్ రూమ్ చూపిస్తారు. మీరు కోర్టుల పగుళ్లు, పూల్ పంపులు, గోడల చెమ్మ చూడండి. పెద్ద రిపేరు రాబోతోందంటే అదే టీమ్ ప్రాణం తీయొచ్చు, రిపేరుకి డబ్బు మంజూరైందా అని సూటిగా అడగండి. హెడ్ కోచ్ పేరు పక్కన "ఇంటెరిమ్" అని ఎన్నాళ్లుగా ఉంది? షెడ్యూల్‌లో విమానం ఎక్కాల్సిన మ్యాచ్‌లు మూడేళ్ల కిందట ఎన్ని, ఇప్పుడు ఎన్ని? వచ్చే ఏడాదికి ఎంతమంది కొత్త పిల్లల్ని తీసుకుంటున్నారు? పది మంది ఉండాల్సిన టీమ్‌లో ఏడుగురే ఉండి, కోచ్ ఇంకా వెతకడమే మొదలుపెట్టలేదంటే నాకైతే నిద్ర పట్టదు.

అడుగు 8: ఎవరిని, ఏమని అడగాలి

కోచ్‌ని నిందించకండి. చాలాసార్లు కోచ్‌కి కూడా పిల్లలతో పాటే తెలుస్తుంది. మా అబ్బాయి కోచ్ ఆ కాల్‌కి గంట ముందు విన్నాడు, ఆయన గొంతు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి కోచ్ "ఏం భయం లేదు" అన్నా అది ఆయన నమ్మకమే కానీ హామీ కాదు. ఆయన్ని అడగాల్సినవి ఇవి: మీ కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉంది? స్కాలర్‌షిప్ బడ్జెట్ ఈ ఏడాది పెరిగిందా, తగ్గిందా? ఎంత భాగం మీరే విరాళాలతో తెచ్చుకోవాలి?

అథ్లెటిక్ డైరెక్టర్ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి, ఫోన్ వద్దు, జవాబు రాతలో ఉండాలి. "రాబోయే నాలుగేళ్లలో ఈ ఆటని డివిజన్ వన్ స్థాయిలో కొనసాగించే ఉద్దేశం ఉందా? ఇప్పుడు ఏదైనా సమీక్ష నడుస్తోందా? టీమ్ ఆపేస్తే మా అమ్మాయి స్కాలర్‌షిప్ డిగ్రీ అయ్యేదాకా ఇస్తారా?" మూడే ప్రశ్నలు. మొదటిదానికి అందరూ తీయగా జవాబిస్తారు. రెండోదానికి తప్పించుకుంటే గుర్తు పెట్టుకోండి. మూడోదానికి వచ్చిన జవాబు దాచిపెట్టుకోండి.

సంతకం పెట్టే కాగితంలో స్కాలర్‌షిప్ ఒక ఏడాదికా, నాలుగేళ్లకా అన్నది చూడండి. పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఆ కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే పత్రం) 2024 అక్టోబర్‌లో రద్దయింది, ఇప్పుడు ఆర్థిక సాయం ఒప్పందమే అసలు కాగితం. ఏడాదిదే ఇస్తామంటే నాలుగేళ్లకి ఇవ్వమని అడగండి. అడగడంలో తప్పు లేదు, మనవాళ్లు మొహమాటపడి చాలా వదులుకుంటారు. మీకు వచ్చే మొత్తంలో చదువుకి ఇచ్చేది ఎంత, ఆటకి ఇచ్చేది ఎంత అన్నది విడదీయించుకోండి. చదువు స్కాలర్‌షిప్ టీమ్ పోయినా నిలుస్తుంది, కాబట్టి రెండు ఆఫర్లు దాదాపు సమానంగా ఉంటే అది ఎక్కువున్న కాలేజీనే నేను ఎంచుకుంటాను.

ప్రకటన ఇప్పటికే వచ్చేస్తే

మొదటి వారం చాలా విలువైనది. ముందు స్కాలర్‌షిప్ కొనసాగింపు గురించి రాతలో తీసుకోండి. టీమ్ ఆపేస్తే వేరే కాలేజీకి మారి వెంటనే ఆడొచ్చు, కానీ తొందరపడి పేరు తీయించుకోకండి, ఉన్న సాయం సంగతి తేలాకే.

ఇండియా నుంచి ఎఫ్-1 మీద వెళ్లిన పిల్లలకి ఇంకో మాట. వీసా స్టేటస్ టీమ్ మీద కాదు, చదువు మీద ఉంటుంది. పూర్తి కోర్సులు తీసుకుంటున్నంతకాలం టీమ్ పోయినందుకు స్టేటస్ పోదు. స్కాలర్‌షిప్ తగ్గితే మాత్రం ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఖర్చుల వివరాలు మార్చాల్సి వస్తుంది, ఆ రోజే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి. కాలేజీ మారుతుంటే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు బదిలీ చేయించుకోవాలి, కొత్తచోట క్లాసులు ఐదు నెలల్లోపు మొదలవ్వాలి. పాత కాలేజీ నుంచి అడ్మిషన్ తీసేసుకుని తర్వాత చూద్దాం అనుకుంటే చిక్కుల్లో పడతారు.

పోరాడాలనుకుంటే ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది చరిత్రలో ఉంది. సంతకాల పిటిషన్ ఒక్కదానితో బోర్డు కదలడం అరుదు. కదిలించినవి రెండు: టైటిల్ నైన్ కేసు, చేతిలో ఉన్న డబ్బు. బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీ 2020 మేలో బేస్‌బాల్ ఆపేసింది, పాత ఆటగాళ్లు మూడేళ్లకి 15 లక్షల డాలర్ల హామీలు పోగేసి తెచ్చారు, జూన్‌లోనే వెనక్కి ఇచ్చారు. బర్క్‌లీ 2010 సెప్టెంబర్‌లో బేస్‌బాల్ సహా నాలుగు ఆటలు ఆపుతామంది, బేస్‌బాల్ వాళ్లు దాదాపు కోటి డాలర్ల హామీలు తెచ్చాక 2011 ఏప్రిల్‌లో ఒప్పుకుంది, ఆ జూన్‌లోనే ఆ కుర్రాళ్లు కాలేజ్ వరల్డ్ సిరీస్ ఆడారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

మూడోది కూడా ఒకటుంది, తప్పుగా నడిచిన పద్ధతిని పట్టుకోవడం. విలియం అండ్ మేరీ కాలేజీ 2020 సెప్టెంబర్‌లో ఏడు ఆటలు ఆపుతూ రాసిన లేఖలో కొన్ని వాక్యాలు స్టాన్‌ఫర్డ్ లేఖలోవే అని జనం కనిపెట్టారు. నెల రోజులకి అథ్లెటిక్ డైరెక్టర్ రాజీనామా చేశారు, నవంబర్ కల్లా ఏడూ తిరిగి వచ్చాయి. బోర్డు ఓటు ఇంకా మిగిలి ఉంటే సభ్యుల్ని ఒక్కొక్కరినీ కలవండి, మిన్నెసోటా యూనివర్సిటీలో 2020 అక్టోబర్‌లో ఆటల కోత తీర్మానం 7–5తో నెగ్గింది, పురుషుల అవుట్‌డోర్ ట్రాక్‌ని మాత్రం ఉంచారు. ఒక్క ఓటు ఎంత విలువైనదో ఆలోచించండి.

ఎక్కువగా చేసే పొరపాట్లు

"టీమ్ గెలుస్తోంది కదా, ముట్టుకోరు" అన్నది అన్నిటికంటే పెద్దది. స్టాన్‌ఫర్డ్ రెజ్లర్ షేన్ గ్రిఫిత్ 2021 మార్చిలో కాలేజీ పేరు లేని నల్ల సింగ్లెట్ వేసుకుని నేషనల్ ఛాంపియన్ అయ్యాడు, అప్పటికి ఆ టీమ్ తీసేసే జాబితాలోనే ఉంది. రెండు నెలల తర్వాత 11 ఆటలూ తిరిగి ఇచ్చారంటే దాని వెనక కోర్టు కేసులు, పూర్వ విద్యార్థుల డబ్బు, ఒత్తిడి అన్నీ ఉన్నాయి.

"ఫుట్‌బాల్ డబ్బు మళ్లీ వస్తే మనదీ వస్తుంది" అన్నది రెండోది. ఐయోవా 2020లో, కోవిడ్ వల్ల తమ కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్ సీజన్ వాయిదా పడిన పది రోజులకి కోత ప్రకటించింది. ఫుట్‌బాల్ ఆ అక్టోబర్‌లోనే మొదలైంది. పురుషుల టెన్నిస్ రాలేదు.

ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయించడం, కాలేజీ మొత్తం విరాళాల నిధి చూసి "ఇంత డబ్బుంది కదా" అనుకోవడం కూడా పొరపాట్లే. ఆ నిధిలో ఎక్కువ భాగం ఫలానా పనికే వాడాలని రాసి ఇచ్చినది. మీ ఆట పేరు మీద ప్రత్యేకంగా నిధి ఉందా, కోచ్ పదవికి ఎవరైనా దాత డబ్బు కట్టిపెట్టారా అన్నదే అడగాలి. అది ఉంటే నిజంగా పెద్ద రక్ష.

మీ లెక్క సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

ఫలితం తెలిసిన పాత కేసు మీద ముందు ప్రయత్నించండి. ఐయోవావి 2019 వరకు ఐదేళ్ల ఈఏడీఏ అంకెలు తీసి, ఏమీ తెలియనట్టు, 1 నుంచి 5 అడుగులు చేయండి. మీరు గండం అని గుర్తు పెట్టిన ఆటల్లో పురుషుల టెన్నిస్, జిమ్నాస్టిక్స్ వచ్చాయా? వస్తే మీ చేయి కుదిరినట్టు. అమ్మాయిల స్విమ్మింగ్ ఎందుకు వెనక్కి వచ్చిందో అడుగు 4 చెప్పగలిగితే ఇంకా మంచిది. రాకపోతే ఎక్కువగా తప్పు జరిగేది ఆదాయం వరసలో, కాలేజీ సాయాన్ని సంపాదన అనుకుని ఉంటారు.

తర్వాత మీ కాలేజీకి చేసి, ఎనిమిది అడుగుల్లో ఎన్నిట్లో ఎర్ర గుర్తు పడిందో లెక్కపెట్టండి. ఒకటి రెండు అయితే నేను వెళ్లమనే అంటాను. మూడు నాలుగు అయితే నాలుగేళ్ల ఒప్పందం ఇస్తేనే వెళ్లండి. అంతకంటే ఎక్కువైతే, ఆట లేకపోయినా ఆ కాలేజీలో, ఆ ఫీజుకి, ఆ కోర్సు చదవడానికి మీ పిల్లలు ఇష్టపడతారా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, ఇష్టపడతామంటే వెళ్లొచ్చు.

చేరాక కూడా షీట్ మూసేయకండి. కాలేజీలు ఈఏడీఏ వివరాలు అక్టోబర్‌లో పంపుతాయి, ఎన్‌సీఏఏ నివేదిక జనవరి మధ్యలో వెళ్తుంది. కొత్త అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా ఒక వరస కలిపి చూసుకోండి. ఆర్థిక సంవత్సరం చాలాచోట్ల జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో బోర్డు అజెండాలు తప్పకుండా చదవండి.